ఎక్కించుకోవడం సరే, దించేదెక్కడ? వియత్నాం పడవ శరణార్థులూ, 1979 జెనీవా ఒప్పందమూ

మీరు అడిగినవి రెండు సంగతులు. వియత్నాం నుంచి పడవల్లో పారిపోయి వచ్చిన లక్షల మందిని 1979లో ప్రపంచ దేశాలు పంచుకోవడం మానవత్వమా, ప్రచ్ఛన్న యుద్ధపు లెక్కా అన్నది మొదటిది. అప్పుడు కుదిరిన ఏర్పాటు మయన్మార్ నుంచి పారిపోతున్న రోహింగ్యాలకి ఎందుకు కుదరలేదన్నది రెండోది. గ్రూప్-1కి చదువుతున్నానని రాశారు కాబట్టి తేదీలు, అంకెలు కూడా ఇస్తాను. కానీ నేను పాఠం చెప్పే మాస్టారిని కాను. మాది విశాఖ. వాణిజ్య నౌకల్లో పనిచేసి కెప్టెన్‌గా రిటైరయ్యాను. ఈ దౌత్యం నాకు ముందు ఓడ డెక్ మీద ఎదురైంది, పుస్తకాలు ఆ తరవాత చదివాను. అందుకని డెక్ మీద నుంచే మొదలుపెడతాను.

1982 మే నెల. లైబీరియాలో రిజిస్టరై ఆ దేశపు జెండా కట్టిన సరుకుల ఓడలో థర్డ్ ఆఫీసర్ని. జపాన్ నుంచి సింగపూర్ వస్తున్నాం. పొద్దున్న ఎనిమిది నుంచి పన్నెండు దాకా వాచ్ నాది. తొమ్మిది దాటాక కుడిపక్క దూరంగా నల్లటి చుక్క కనబడింది. బైనాక్యులర్స్‌లో చూస్తే పడవ. నదిలో తిప్పుకోవడానికి చేసింది, నలభై అడుగులుండదు. ఇంజిన్ ఆగిపోయి అలల మీద ఊగుతోంది. ఒకాయన వెదురుకర్రకి తెల్ల చొక్కా కట్టి ఊపుతున్నాడు. కెప్టెన్‌కి కబురు పెట్టాను. ఆయన వచ్చి ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా చూశాడు. ఆ నిమిషంలో ఆయన మనసులో ఏం తిరిగిందో నేను కెప్టెన్నయ్యాక గానీ నాకు తెలిసిరాలేదు. తరవాత ఓడ తిప్పమన్నాడు.

మొత్తం 41 మంది. తాళ్ళ నిచ్చెన వేశాం. ఎక్కగలిగినవాళ్ళు ఎక్కారు, లేనివాళ్ళని సరుకు ఎత్తే వలలో పైకి లాగాం. ఒక తల్లి చంటివాణ్ణి గళ్ళ కండువాతో నడుముకి కట్టుకుని ఉంది. ఉప్పునీళ్ళకి ముడి బిగుసుకుపోయి ఊడి రాలేదు. మా బోసన్, అంటే డెక్ పనివాళ్ళ పెద్ద, కత్తితో కోశాడు. ఆమె ఆ కండువా ముక్కలు రెండూ ఏరి మడత పెట్టి దాచుకుంది. వంటాయన పల్చగా గంజి కాచి ఉప్పేసి ఇచ్చాడు. వాళ్ళలో ఇంగ్లిషు వచ్చిన స్కూలు మాస్టారొకరు చెప్పారు: ఆరు రోజుల్లో తొమ్మిది ఓడలు వాళ్ళని దాటి వెళ్ళిపోయాయట. రెండైతే దగ్గరకొచ్చి, చూసి మరీ వెళ్ళాయట.

పేర్ల జాబితా టైపు చేసే పని నాకు పడింది. కార్బన్లు పెట్టి ఐదు ప్రతులు. సగం మందికి పైగా ఇంటిపేరు న్గుయెన్. వీళ్ళంతా ఒకటే కుటుంబమా అని రేడియో ఆఫీసరు అడిగాడు. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు చివర రాసుకోవడం వాళ్ళకీ మనకీ ఒకటే కాబట్టి నాకు తికమక రాలేదు. ఇంగ్లిషు పద్ధతిలో తిప్పి కొట్టమంటే నేను ఒప్పుకోలేదు. ఒక కాగితంలో తిప్పి, ఇంకో కాగితంలో తిప్పకుండా రాస్తే రేపు ఏ దేశపు రికార్డులోనో సొంత అన్నదమ్ములు పరాయివాళ్ళయిపోతారు. ఆ ఊహ నన్ను చాలా భయపెట్టింది.

సింగపూర్‌లో లంగరేశాక ఇమిగ్రేషన్ వాళ్ళు ఎక్కి అడిగింది ఒక్కటే. గ్యారంటీ ఏది? వీళ్ళని 90 రోజుల్లోగా తీసుకెళ్ళిపోతామని ఏదో ఒక దేశం రాసిస్తే తప్ప ఒక్కరిని కూడా ఒడ్డుకి దించనివ్వరు. నాలుగు రోజులు నీళ్ళ మీదే ఉన్నాం. ఆలస్యానికి రోజుకి ఎంత పోతోందో చెబుతూ కంపెనీ నుంచి టెలెక్సులు వస్తూనే ఉన్నాయి. ఎవరు ఎలా ఉన్నారని ఒక్క దాంట్లోనూ అడగలేదు. ఐదో రోజు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ మనిషి కాగితాలు పట్టుకొచ్చాడు. లాంచీలో అందరినీ దించి హాకిన్స్ రోడ్డు శిబిరానికి తీసుకెళ్ళారు.

ఆ కాగితం ఎలా పుట్టిందో తెలిస్తే మీ మొదటి ప్రశ్నకి జవాబు తెలిసినట్టే. సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్ళని కాపాడటం 1910 బ్రసెల్స్ ఒప్పందం నాటి నుంచీ కెప్టెన్‌కి చట్టం పెట్టిన విధి. కాపాడినవాళ్ళని ఏ దేశం దించుకోవాలో మాత్రం ఆనాటి చట్టాల్లో లేదు. మా కెప్టెన్ ఆ నిమిషం తటపటాయించింది అందుకే. ఆ తొమ్మిది ఓడల్ని నేను వెనకేసుకురావడం లేదు, వాళ్ళు చేసింది మహాపాపం. కానీ ఆ పాపానికి ఆస్కారం ఇచ్చిన ఖాళీ చట్టంలోనే ఉంది. 1979 దౌత్యమంతా ఆ ఖాళీని సంతకాలతో పూడ్చే ప్రయత్నం.

ఇక వెనక్కి వెళ్దాం. 1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ కమ్యూనిస్టుల వశమైనప్పుడు అమెరికా తనతో పనిచేసినవాళ్ళని దాదాపు 1,30,000 మందిని తీసుకెళ్ళింది. వాళ్ళని ఉంచిన శిబిరాలు గ్వామ్ దీవి, కాలిఫోర్నియాలో క్యాంప్ పెండిల్టన్, ఆర్కన్సాలో ఫోర్ట్ చాఫీ. అది ఒక దేశం సొంత వ్యవహారం, దౌత్యం పెద్దగా అక్కర్లేకపోయింది. అసలు సమస్య 1978లో ముదిరింది. ఆ మార్చిలో దక్షిణ వియత్నాంలో ప్రైవేటు వ్యాపారాన్ని రద్దు చేశారు. దెబ్బ ఎక్కువగా తగిలింది సైగాన్ పక్కన చోలోన్‌లో తరాలుగా దుకాణాలు పెట్టుకున్న చైనా సంతతివాళ్ళకి. చైనాతో వియత్నాంకి చెడింది, ఆ డిసెంబర్‌లో వియత్నాం సైన్యం కంబోడియాలోకి వెళ్ళింది, 1979 ఫిబ్రవరిలో చైనా వియత్నాం మీదకి వచ్చింది. రెండున్నర లక్షల మందికి పైగా చైనాలోకి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు దక్షిణ సముద్రం వైపు. చాలామంది బంగారం చెల్లించి, స్థానిక అధికారులు చూసీ చూడనట్టు ఊరుకోగా పడవలెక్కారు. అక్కడ బంగారం తూకం తెయిల్, ఒక్కోటి సుమారు 37 గ్రాములు.

1978 నవంబర్‌లో హై హాంగ్ అనే పాత సరుకుల ఓడ దాదాపు 2,500 మందితో మలేసియాలోని పోర్ట్ క్లాంగ్ ముందు నిలిచింది. డబ్బిచ్చి ఎక్కినవాళ్ళు శరణార్థులు కారని మలేసియా దించనివ్వలేదు. చివరికి కెనడా, ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ లాంటి దేశాలు మేం తీసుకుంటామని ముందే మాటిచ్చాక వ్యవహారం తెమిలింది. జర్మనీలో లోయర్ సాక్సనీ రాష్ట్ర ముఖ్యమంత్రి ఎర్న్‌స్ట్ ఆల్‌బ్రెక్ట్ వెయ్యి మందిని మా రాష్ట్రానికి పంపండన్నాడు. తరవాత జెనీవాలో జరగబోయేదానికి ఇదే నమూనా. మూడో దేశం ముందు చెయ్యెత్తితే మొదటి దేశం తలుపు తీస్తుంది.

మలేసియాని తిట్టడం తేలిక. మన దేశంలాగే, ఆగ్నేయాసియా కూటమి ఆసియాన్‌లో అప్పుడున్న ఐదు దేశాల్లో ఒక్కటి కూడా అప్పటికి 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. మలేసియాలో పడవలవాళ్ళని ఉంచిన బిడాంగ్ దీవి వైశాల్యం ఇంచుమించు ఒక చదరపు కిలోమీటరు. 1979 జూన్‌లో అక్కడ 40,000 మంది దాకా ఉన్నారు. 1979 మొదటి ఆరు నెలల్లో శిబిరాల నుంచి ఒకరు బయటి దేశానికి వెళ్తే ముగ్గురు కొత్తగా వచ్చి చేరారు. ఒక్క జూన్ నెలలోనే 54,000 మందికి పైగా పడవల్లో దిగారు. నేను పుట్టిన ఊళ్ళో బర్మా క్యాంప్ అని ఒక పేట ఉంది. 1960ల్లో బర్మా వదిలి వచ్చేసిన తెలుగువాళ్ళు అక్కడ స్థిరపడ్డారు. వాళ్ళూ ఉన్నదంతా పోగొట్టుకునే వచ్చారు, కానీ మీరు మావాళ్ళే అనే దేశం ఒకటి ఒడ్డున ఉంది. బిడాంగ్‌లో దిగినవాళ్ళకి ఆ మాట అనేవాళ్ళు లేరు.

అయినా ఆ తరవాత జరిగింది సమర్థించలేం. మలేసియా నౌకాదళం పడవల్ని మళ్ళీ నడిసముద్రంలోకి లాక్కెళ్ళి వదిలింది. థాయ్‌లాండ్ అదే జూన్‌లో 40,000 మందికి పైగా కంబోడియన్లని ప్రేహ్ విహార్ కొండ అంచు నుంచి మందుపాతరల మధ్యకి దింపేసింది. నెలాఖరుకి ఆసియాన్ విదేశాంగ మంత్రులు బాలిలో కలిసి ఇక కొత్తవాళ్ళని తీసుకోలేమని ప్రకటించారు. వేలమంది ప్రాణాలని అడ్డుపెట్టి చేసిన బేరం అది. చెప్పడానికి బాధగా ఉన్నా, ఫలించింది కూడా. ఆ రోజుల్లోనే టోక్యోలో ధనిక దేశాల కూటమి జీ-7 సమావేశమైంది. అధ్యక్షుడు కార్టర్, అమెరికా తీసుకునే సంఖ్యని నెలకి 7,000 నుంచి 14,000కి పెంచుతున్నానని అక్కడే చెప్పాడు.

జెనీవా సదస్సు 1979 జులై 20, 21 తేదీల్లో. పిలిచింది ఐరాస ప్రధాన కార్యదర్శి కుర్ట్ వాల్డ్‌హైమ్, 65 దేశాలు వచ్చాయి. తప్పు ఎవరిదన్న చర్చ పెట్టకుండా, మనుషుల్ని ఎక్కడ పెట్టాలన్నదే మాట్లాడదామని ఆయన గీత గీశాడు. మంచి పనే చేశాడు. లేకపోతే వియత్నాం వచ్చేది కాదు. వచ్చినా చైనాతో వాదులాటలో రెండు రోజులూ కరిగిపోయేవి. అమెరికా ఉపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్ 1938 ఎవియాన్ సదస్సుని గుర్తుచేశాడు. యూదు శరణార్థుల కోసం 32 దేశాలు కూడి, అయ్యో పాపం అని, దాదాపు అందరూ తలుపులు మూసేసుకున్న సదస్సు అది. ఎవియాన్ ఉన్నది జెనీవా ఊరున్న సరస్సు ఒడ్డునే.

ఎవరేం ఇచ్చారో చూడండి. తీసుకుంటామన్న సంఖ్య 1,25,000 నుంచి 2,60,000కి పెరిగింది. దాదాపు 16 కోట్ల డాలర్ల సాయం కొత్తగా ప్రకటించారు. ఇంట్లో చోటివ్వడానికి బాగా వెనకాడిన జపాన్ డబ్బు విషయంలో మాత్రం పెద్ద వాటా మోసింది. ఇండోనేసియా గలాంగ్ దీవిలో, ఫిలిప్పీన్స్ బతాన్‌లో పెద్ద శిబిరాలకి స్థలమిచ్చాయి. బయటి దేశాలకి వెళ్ళేవాళ్ళు అక్కడ కొన్ని నెలలుండి భాష నేర్చుకుని వెళ్ళేవారు. ఆసియాన్ దేశాలు తాత్కాలికంగా చోటిస్తామన్నాయి. వియత్నాం దొంగచాటు ప్రయాణాల్ని కొంతకాలం ఆపుతానంది. తరవాతి ఏడాదిన్నరలో ఇండోచైనా శిబిరాల నుంచి నాలుగున్నర లక్షల మందికి పైగా కొత్త దేశాలకి వెళ్ళారు.

వియత్నాం ఇచ్చిన ఆ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. సొంత దేశం వదిలి వెళ్ళే హక్కు మనిషికి ఉందని విశ్వ మానవ హక్కుల ప్రకటన 13వ అధికరణం చెబుతుంది. ఆ హక్కుని ఆపమని, ఆ ప్రకటన చేసిన ఐరాస గూటిలోనే ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. పడవలు ఒక్కసారిగా తగ్గాయి, శిబిరాలు ఊపిరి పీల్చుకున్నాయి, దేశాలు తమ వంతు తీసుకోవడానికి ధైర్యం చేశాయి. ఆ ఖరీదు కట్టింది తీరంలో పట్టుబడి జైలుకెళ్ళినవాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ జాబితాలోనూ టైపవలేదు.

దానికి కొంత విరుగుడుగా రెండు నెలల ముందే ఇంకో పని జరిగింది, పరీక్షల పుస్తకాల్లో దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. 1979 మే 30న ఐరాస శరణార్థుల సంస్థ, వియత్నాం ఒక అవగాహనకి వచ్చాయి. వెళ్ళదలచినవాళ్ళని కాగితాలతో, విమానంలో పంపే ఏర్పాటు. మొదట్లో నత్తనడక. తొంభైల మధ్యకొచ్చేసరికి ఆరు లక్షల మందికి పైగా ఆ దారిన వెళ్ళారు. అమెరికన్ సైనికులకి అక్కడ పుట్టిన పిల్లల కోసం అమెరికా 1987లో చట్టం చేసింది, 'పునర్విద్యా' శిబిరాలనే నిర్బంధ శిబిరాల్లో ఏళ్ళతరబడి మగ్గిన పాత సైనికాధికారుల కోసం 1989 జులైలో ఒప్పందం చేసుకుంది. అప్పటికి రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలే లేవు. ఈ వ్యవహారం మొత్తంలో నేను అన్నిటికన్నా గౌరవించేది ఇదే. దీన్లో ఎవరూ సముద్రంలో పోలేదు.

మా ఓడకి వచ్చిన కాగితం సంగతి. బ్రిటిష్ జెండా ఓడ ఎక్కించుకుంటే బ్రిటన్ మీద ఒత్తిడి పెట్టొచ్చు. 1979 మేలో సిబోంగా అనే ఓడ వెయ్యి మంది దాకా కాపాడి హాంకాంగ్ తెచ్చినప్పుడు థాచర్ ప్రభుత్వం ఇష్టం లేకపోయినా తీసుకుంది. మరి లైబీరియా జెండా, పనామా జెండా ఉన్న ఓడలో? లైబీరియా వాళ్ళకి ఇళ్ళిస్తుందా? అందుకని 1979లో అమెరికాతో సహా ఎనిమిది దేశాలు కలిసి, శరణార్థుల్ని తీసుకోని దేశాల జెండా ఉన్న ఓడలు ఎవరిని కాపాడినా వాళ్ళ బాధ్యత మాది అని ఉమ్మడి పూచీ ఇచ్చాయి. మాకు ఐదో రోజున అందింది ఆ పూచీయే. అది లేనిరోజుల్లో అయితే మా కెప్టెన్ ఆ నిమిషం తరవాత ఏం చేసేవాడో నేను ప్రమాణం చేసి చెప్పలేను.

పూచీ ఉన్నంత మాత్రాన సముద్రం చల్లబడలేదు. 1981లో థాయ్‌లాండ్ చేరిన 452 పడవల్లో 349 మీద దొంగలు పడ్డారు, సగటున ఒక్కోదాని మీద మూడుసార్లు. 578 మంది స్త్రీల మీద అత్యాచారం జరిగింది. 228 మందిని ఎత్తుకుపోయారు. 881 మంది చనిపోయారు లేదా జాడలేకుండా పోయారు. ఇవి తీరం చేరినవాళ్ళు చెప్పగా రాసుకున్నవి. ఎవరూ మిగలని పడవల లెక్క ఎవరి దగ్గరా లేదు. 1982లో 12 దేశాల డబ్బుతో దొంగల మీద గస్తీ మొదలైంది, అది ఫలితమివ్వడానికి ఏళ్ళు పట్టింది. పూచీకి లోటు లేని ఓడలూ వదిలేసి వెళ్ళాయి. 1988 జూన్‌లో అమెరికా యుద్ధనౌక డబ్యూక్ 110 మందితో బయల్దేరిన పడవకి తిండీ నీళ్ళూ ఇచ్చి తన దారిన పోయింది. ఫిలిప్పీన్స్ తీరం చేరింది 52 మంది. ఆ కెప్టెన్‌ని కోర్ట్ మార్షల్ చేశారు.

ఇప్పుడు మానవత్వమా, లెక్కా? అమెరికాకి ఓడిన యుద్ధపు అపరాధ భావం ఉంది, కమ్యూనిజం నుంచి జనం పారిపోతున్నారని చూపించుకునే అవసరమూ ఉంది. అది నిజమే. కానీ కార్టర్ సంఖ్య రెట్టింపు చేసినప్పుడు ఒక అభిప్రాయ సేకరణలో 62 శాతం అమెరికన్లు వద్దన్నారు. లెక్కే అయితే ఓట్ల లెక్క అటువైపు ఉంది. కెనడాకి వియత్నాంలో ఓడిన యుద్ధమూ లేదు. అక్కడ ప్రధాని జో క్లార్క్ మైనారిటీ ప్రభుత్వం 50,000 మందిని తీసుకుంటామంది. చర్చిల వాళ్ళు, ఇరుగుపొరుగు వాళ్ళు కొద్దిమంది చొప్పున కలిసి ఒక్కో కుటుంబాన్ని ఏడాదిపాటు మేం చూసుకుంటామని ముందుకొచ్చారు. ఆ సంఖ్య తరవాత 60,000 అయింది. 1986లో శరణార్థులకి చేసిన సేవకి ఐరాస ఇచ్చే నాన్సెన్ పతకాన్ని కెనడా ప్రజలందరికీ కలిపి ఇచ్చారు. నా ఉద్దేశంలో లెక్క తలుపు దగ్గరికి తెచ్చింది, మనుషులు తలుపు తీశారు. పరీక్షలో ఏదో ఒకటి రాయాల్సి వస్తే రెండూ రాయండి.

ఏ పూచీకైనా గడువుంటుంది. 1987, 88లకి పడవలు మళ్ళీ పెరిగాయి, తీసుకునే దేశాలు అలసిపోయాయి. 1988 జూన్ 16 నుంచి హాంకాంగ్‌లో దిగిన ప్రతివాళ్ళనీ శరణార్థులా, బతుకుతెరువుకి వచ్చినవాళ్ళా అని విచారించడం మొదలైంది. ఆ ఏడాది హాంకాంగ్ రేవులో ఉన్నప్పుడు రేడియోలో వియత్నమీస్ ప్రకటన మాటిమాటికీ వచ్చేది. 'బాత్ దౌ తు నాయ్' అని మొదలయ్యేది, ఇప్పటి నుంచి అని అర్థం. ఆ భాష ఒక్క ముక్క రాని ఊరి జనానికి కూడా ఆ నాలుగు మాటలూ కంఠతా వచ్చేశాయి. 1989 జూన్‌లో రెండో జెనీవా సదస్సు ఆ విచారణ పద్ధతిని ప్రాంతమంతటికీ వర్తింపజేసింది. అక్కడి దేశాల్లో 1989 మార్చి 14 తరవాత వచ్చినవాళ్ళు శరణార్థులని తేలితేనే బయటి దేశానికి, లేకపోతే వెనక్కి. అదే ఏడాది డిసెంబర్ 12న హాంకాంగ్ 51 మందిని చీకట్లో విమానమెక్కించి బలవంతంగా హనోయి పంపింది. 1996లో పథకం ముగిసేసరికి లక్షా తొమ్మిది వేల మంది దాకా తిరిగి వెళ్ళారు. వెనక్కి వెళ్ళినవాళ్ళని శిక్షించబోమని వియత్నాం ఒప్పుకుంది, శరణార్థుల సంస్థ ఊళ్ళకి వెళ్ళి చూసే వీలుంది. అందుకని దీన్ని పూర్తి ద్రోహం అనలేను. కానీ ఒకే పడవలో వచ్చిన ఇద్దరిలో ఒకరు అమెరికాలో శాన్ హోసే, ఇంకొకరు తిరిగి వియత్నాంలో హైఫాంగ్ వెళ్ళడానికి కారణం, విచారణ గదిలో ఎదురుగా కూర్చున్న అధికారి ఎవరన్నదే అయిన సందర్భాలున్నాయి. దాన్ని న్యాయమనీ అనలేను.

ఇక రోహింగ్యాలు. చట్టంలో నేను చెప్పిన ఖాళీ కొంత పూడింది. 2001లో 433 మందిని కాపాడిన నార్వే ఓడ టాంపాని ఆస్ట్రేలియా రానివ్వలేదు. ఆ గొడవ తరవాత 2004లో సముద్ర భద్రతా ఒప్పందాల్ని సవరించి, కాపాడినవాళ్ళని సురక్షిత స్థలంలో దించడానికి దేశాలు సహకరించాలని రాశారు. 2006 జులై నుంచి అమల్లో ఉంది. సహకరించాలి అన్నారు, ఎవరు దించుకోవాలో అనలేదు. 1979లో ఉన్న మిగతా రెండూ ఇక్కడ లేవు. అప్పుడు మనుషుల్ని పోగొట్టుకుంటున్న దేశం బల్ల దగ్గర కూర్చుని ఒక మాటిచ్చింది. 2015 మే 29న బ్యాంకాక్‌లో సమావేశమైతే, ఆహ్వానంలో రోహింగ్యా అన్న మాట లేకుండా చూసుకున్నాకే మయన్మార్ వచ్చింది. పేరే పలకనివ్వని వాళ్ళ గురించి ఏం ఒప్పందం రాస్తారు? రెండోది, అప్పుడు తీసుకునే దేశాలు అంకెలు పట్టుకుని వచ్చాయి.

ఆ మే నెలలో అందమాన్ సముద్రంలో వేలమంది పడవల్లో చిక్కుకున్నప్పుడు మొదట ఒడ్డుకి చేర్చింది ఇండోనేసియా అచే తీరపు జాలర్లు. ప్రభుత్వాలు ఇంకా తర్జనభర్జన పడుతుండగానే వాళ్ళు వెళ్ళి తెచ్చారు. మే 20న మలేసియా, ఇండోనేసియా కలిసి 7,000 మందికి తాత్కాలికంగా చోటిస్తామని ప్రకటించాయి. ఏడాదిలోగా అంతర్జాతీయ సమాజం వాళ్ళని వేరే చోటికో, వెనక్కో పంపే ఏర్పాటు చేయాలన్నది షరతు. హాకిన్స్ రోడ్డుకి పంపేముందు సింగపూర్ మమ్మల్ని అడిగిన షరతే, 90 రోజుల బదులు ఏడాది. ఆ ప్రకటనలో గడువు ఉంది, తీసుకెళ్ళే దేశం పేరు ఒక్కటీ లేదు.